నిలువ నీడ వెల

నెల మొదటి వారము వచ్చినదనగానే మన నగరములలో లక్షలకొలది గృహస్థుల గుండెలలో రాయి పడుచున్నది. జీతము చేతికందిన సంతోషము మూడు దినములైనను నిలుచుట లేదు. పాలవాడు నాలుగు దినములు ఆగును. పచారీకొట్టువాడు ఖాతాలో వ్రాసికొని ఆగును. బడివారు సైతము జుల్మానా వేసి యాగుదురు. ఆగనిది ఇంటి యద్దె యొక్కటియే. పూర్వము సంసారి తొలుత బియ్యము కొనుక్కొని పిమ్మట తక్కిన ఖర్చులు చూచుకొనెడివాడు. ఇప్పుడు తొలుత అద్దె చెల్లించి, మిగిలిన దానితో ఏ రకము బియ్యము వచ్చునో చూచుకొనుచున్నాడు. ఈ పత్రికను పఠనాలయమున బల్లయొద్ద కూర్చుండి చదువు మిత్రులలో, ఇంట కూర్చుండి చదువుకొనుటకు చోటు చాలకయే యచ్చటికి వచ్చినవారు కొందరైనను ఉందురని మే మెరుగుదుము. ఈ వారము మా మాటలు వారిని గూర్చియే.

హైదరాబాదు నగరమును దృష్టాంతముగా గైకొనుచున్నాము. విజయవాడలోను, విశాఖపట్టణములోను ఈ బాధ లేదని కాదు. 2014 తరువాత రాజధాని మాట వినబడినదే తడవుగా విజయవాడలో అద్దె లెట్లు ఎగబ్రాకినవో ఆ యూరివారికి మేము చెప్పనక్కర లేదు. కాని శ్రీకాకుళము మొదలుకొని పాలమూరు వరకు, అనంతపురము మొదలుకొని ఆదిలాబాదు వరకు, పని వెదకికొను ప్రతి తెలుగువాని త్రోవయు ఏదో యొకనాటికి హైదరాబాదునకే చేరుచున్నది. ఉద్యోగము నిచ్చిన నగరమే నిలువ నీడ నీయలేకపోవుట యనెడి విడ్డూరము అచ్చట కనబడునంత స్పష్టముగా మరియొకచోట కనబడదు.

ఆదాయములో ఎంత భాగము ఇంటికి పోవచ్చును? ఇది నేటి ప్రశ్న కాదు. 1868 లో బెర్లిను నగరమున శ్వాబె యను గణాంకాధికారి ఆ పట్టణవాసుల లెక్కలు పరిశీలించి, మనిషి యెంత బీదవాడైన అద్దెకు పోవు పాలు అంత పెద్దదగుచున్నదని కనిపెట్టెను. ఇది ఆనాటి జర్మనీకే చెల్లిన మాట కాదు. మన కేంద్రప్రభుత్వము దీపక్ పారెఖు గారి యధ్యక్షతన నియమించిన సంఘము 2008 లో, అల్పాదాయ వర్గములవారి ఇంటి యద్దెగాని ఇంటియప్పు వాయిదాగాని నెలసరి ఆదాయములో నూటికి 30 కి మించరాదనియు, ఇంటి వెల వార్షికాదాయమునకు నాలుగు రెట్లు దాటరాదనియు కొలత పెట్టినది. కొలత మంచిదే. దానిని మన బస్తీల కెత్తుకొనిపోయి చూతము.

ఒక కుటుంబమును ఊహించుకొందము. భర్త యొక దుకాణములో పని చేయును. భార్య రెండిండ్లలో వంట చేయును. ఇద్దరి సంపాదనయు కలిసి నెలకు 18,000 రూపాయలు. పిల్లలిద్దరు. ఒక గది, ఒక వంటయిల్లు, నలుగురు కలిసి వాడుకొను మరుగుదొడ్డి, అద్దె 7,000. ఇంత తక్కువకు ఎచ్చట దొరకినదని మా పాఠకులు కొందరు మమ్మే ప్రశ్నింపవచ్చును. నీళ్ల మోటారునకు, విద్యుత్తునకు, మెట్లు ఊడ్చువారికి మరి 1,100. మొత్తము 8,100, అనగా ఆదాయములో నూటికి 45. మిగిలినది 9,900. నలుగురికి పంచినచో తలకు దినమునకు 82 రూపాయలు. ఆ 82 రూపాయలలోనే తిండి, బట్ట, బడి, మందు, ప్రయాణము, చుట్టము వచ్చినప్పటి కాఫీ, ఊరిలోని ముసలి తల్లికి పంపవలసిన పైకము అన్నియు నున్నవి.

లెక్కలు చెప్పువారు నూటికింత యని చెప్పి ఊరకుందురు. నెలకు 1,80,000 సంపాదించువాడు 70,000 అద్దె యిచ్చి కొండాపురములో నున్నచో వానికిని అద్దెపాలు అంతే. కాని వానిచేత లక్ష పైగా మిగులుచున్నది. వాని యద్దె వాని విలాసమును తగ్గించును. మన సంసారి యద్దె వాని పిల్లల పాలగ్లాసును తగ్గించును. కనుక నూటి కెంత యని మాత్రమే కాక, అద్దె పోగా మిగిలినది బ్రతుకుటకు చాలునా యని కూడ అడుగవలెను.

ఇంకొక చిత్రము. ఈ 30 వంతుల లెక్క సర్కారువారికి తెలియనిది కాదు. తమ యుద్యోగులకు ఇంటి యద్దె భత్యము ఇచ్చునప్పుడు హైదరాబాదువంటి మహానగరములలో కేంద్రప్రభుత్వము 2024 జనవరి నుండి మూల వేతనముపై నూటికి 30 లెక్క కట్టుచున్నది. ఉద్యోగికి ఇచ్చుట తప్పని మే మనము. నగరములో నిలువవలెనన్న ఇంత వ్యయమగునని ఒప్పుకొన్న ప్రభుత్వము, అదే నగరములో రోడ్డు ఊడ్చు ఒప్పందపు కూలికి, ఇటుక మోయు అడ్డా కూలికి, ఆసుపత్రిలో రాత్రి కాపలా కాయువానికి ఆ వ్యయము కాదని యెట్లు తలచినదో మాకు బోధపడుట లేదు. వారు మాత్రము చెట్టుక్రింద నుందురా?

హైదరాబాదు ఎల్లప్పుడు ఇట్లే యుండలేదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి ఒక్క దినములో వేలకొలది ప్రాణములను, ఇండ్లను తుడిచి పెట్టుకొనిపోయిన పిమ్మట, 1912 లో నగరాభివృద్ధి సంస్థ యొకటి యేర్పడినది. సిటీ ఇంప్రూవుమెంటు బోర్డని దానికి పేరు. మురికివాడలను తొలగించుటయేకాక, స్వల్పవేతనముల వారికి కొద్దిపాటి అద్దెకు ఇండ్లు కట్టి యిచ్చుట కూడ దాని పనులలో నొకటి. రాచరికపు దినముల సంస్థ యది. దానిలో లోపము లుండకపోవు. కాని బీదవానికి ఇల్లు కట్టి అద్దె కిచ్చుట పాలకుల ధర్మమని ఆనాడు ఒప్పుకొనిరి. తరువాత హౌసింగు బోర్డు వచ్చినది. కూకటుపల్లిలో, నగరమునకు దూరమని జనము వెనుదీసిన కాలమున, ఆ బోర్డు కట్టిన కాలనీలో గుమాస్తాలు, కార్మికులు, పంతుళ్లు వాయిదాలు కట్టుకొని గృహస్థులైరి. ఆ తరమువారి పిల్లలలో కొందరు నేడు పెద్ద యుద్యోగములలో నున్నారు.

1998 లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసినది. నగరము పడమటికి మొగ్గినది. కొత్త యుద్యోగములు వచ్చినవి, కొత్త సంపద వచ్చినది. దానిని నిందించు వెర్రివారము కాము. కాని సంపదతోపాటు నేల ధర పెరిగినపుడు ఆ పెరిగిన ధర యెవరి జేబులో పడినది, ఎవరి జేబునుండి పోయినది అని విచారింపవలెను గదా. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టము హైదరాబాదులో ఒక మనిషి చేత 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీస్థల ముండరాదని శాసించినది. మినహాయింపుల రంధ్రములగుండా ఆ చట్టములోని సారమంతయు కారిపోయినది. కేంద్రము 1999 లో దానిని రద్దుచేయగా, మన రాష్ట్రము 2008 లో ఆ రద్దును స్వీకరించినది. చట్టముండగా బీదలకు స్థలము చిక్కలేదు. పోయిన పిదప చిక్కునని ఆశపడుటకు దారియే లేకపోయినది.

ఇక ప్రభుత్వమే వేలముపాటకు దిగినది. 2023 ఆగస్టులో కోకాపేటలో సుమారు 45 ఎకరములను హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ వేలము వేయగా 3,300 కోట్ల రూపాయలకు పైగా వచ్చినది. అందొక తునకకు ఎకరమునకు 100 కోట్ల 75 లక్షలు పలికినది. మరునాడు పత్రికలన్నియు దీనిని పండుగవలె ప్రకటించినవి. ఎకరమునకు 4,840 చదరపు గజములు. భాగించి చూడుడు: గజము ధర 2 లక్షల 8 వేల రూపాయలు. పైన మేము చెప్పిన కుటుంబపు సంవత్సరాదాయము 2 లక్షల 16 వేలు. ఆలుమగలిద్దరు ఏడాది పొడవున అద్దె యీయక, అన్నము తినక కూడబెట్టినచో ఒక్క చదరపు గజము నేల చిక్కును. దానిపై ఒక మనిషి నిలుచుండవచ్చును, పండుకొనుటకు వీలుకాదు.

అది ధనికుల పేట, అచ్చటి ధరతో బీదవాని కేమి పని యని కొందరందురు. నలువది అంతస్తులు లేపి ఆ వెలను పలువురు పంచుకొందురు గదా యనియు అందురు. నిజమే. అయినను నేల ధర నీటివంటిది. ఒకచోట మట్టము పెరిగినచో ప్రక్క చెరువులో పెరుగక మానదు. కోకాపేటలో నూరు కోట్లు పలికిన వార్త చదివిన నాటి సాయంకాలమే, పది మైళ్ల యవతల గుంటన్నర స్థలమున్న యజమాని తన రేకుల షెడ్డును తేరిపార జూచుకొనును. ఆ చూపు ఖరీదు వచ్చే నెల అద్దెలో చేరును. ఆ పుణ్యమూర్తి దోషమేమియు లేదు. వేలముపాటలో గంట కొట్టినది సర్కారు.

ఆ ధనముతో ప్రజాసంక్షేమము జరుపుచున్నామని పాలకులు చెప్పుదురు. పాలకులు మారిరి గాని ఈ మాట మారలేదు. బీదవాని పేరిట ఒక చేత ఇచ్చి, నేల ధర పెంచి రెండవ చేత అద్దె రూపమున లాగికొనుట సంక్షేమ మెట్లగునో వారే చెప్పవలెను. ఇండ్లు కట్టుటకై పుట్టిన హౌసింగు బోర్డు సైతము 2025 లో అదే కూకటుపల్లి కాలనీలో తన చేత మిగిలిన స్థలములను వేలము వేయసాగినది. విత్తనపు వడ్లను అమ్మి పండుగ చేసికొను సేద్యగాని మనము పల్లెలలో ఏమందుమో, దానినే ఇచ్చట అనవలసియున్నది.

ఇండ్లే లేవా? ఉన్నవి. 2011 జనగణన ప్రకారము దేశపు పట్టణములలో ఖాళీగా తాళము వేసియున్న ఇండ్లు సుమారు 1 కోటి 11 లక్షలు. మరుసటి సంవత్సరమున కేంద్రము నియమించిన నిపుణుల సంఘము పట్టణములలో ఇండ్ల కొరత 1 కోటి 87 లక్షలకు మించి యున్నదనియు, ఆ కొరతలో నూటికి 95 పైగా పాలు బీదలదే, అల్పాదాయులదే ననియు తేల్చినది. ఒకవంక మనుష్యులు లేని ఇండ్లు, మరియొకవంక ఇండ్లు లేని మనుష్యులు! 2021 లో జరుగవలసిన జనగణన జరుగనేలేదు. కావున ఈ పాత యంకెలతోనే వాదింపవలసి వచ్చుచున్నది. డబ్బున్నవాడు ఇంటిని నివాసమునకుగాక బంగారమువలె దాచుకొనుటకు కొనుచున్నాడు. బంగారము పెట్టెలో నున్నచో ఎవరికిని చలి వేయదు. ఇల్లు తాళములో నున్నచో వేయును.

ఇక చట్టము సంగతి. ఈ పంక్తులు వ్రాయువాడు వృత్తిచే వకీలగుటచేత ఇచ్చట రెండు మాట లెక్కువ చెప్పుటను పాఠకులు క్షమింతురుగాక. మన కద్దెచట్టము లేకపోలేదు. 1960 నాటి భవనముల యద్దె, ఖాళీచేయింపుల నియంత్రణ చట్టము నేటికిని పుస్తకములలో నున్నది. దానిలో న్యాయమైన అద్దెను నిర్ణయించుటకు, కారణము లేనిదే ఖాళీ చేయింపకుండుటకు ఏర్పాట్లున్నవి. కాని 2005 నాటి సవరణ ప్రకారము నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన యద్దెయిండ్లకు ఆ చట్టము వర్తింపదు. ఆనాడు అది పెద్ద మొత్తము కావచ్చును. నేడు హైదరాబాదులో 3,500 లోపు అద్దెకు వచ్చు ఇంటిని వెదకికొనుటకు దివిటీ కావలెను. చట్టమును రద్దు చేయనక్కర లేకయే చంపు విధానమిది. అంకెను కదలనీయక ఊరకున్నచో చాలును, ధరలే వచ్చి దాని గొంతు నులుమును.

ఆ చట్టపు గొడుగు వెలుపల నున్నవానికి మిగిలినది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము. దాని ప్రకారము నెలసరి యద్దెదారును పదునైదు దినముల నోటీసుతో పొమ్మనవచ్చును. ఏడాదికి మించిన ఒడంబడికను రిజిస్టరు చేయవలెనని 1908 నాటి చట్టము చెప్పుచున్నది గనుక, ఆ ఖర్చు తప్పించుకొనుటకు దేశమంతటను పదునొకండు నెలల కాగితము వాడుకలోనికి వచ్చినది. ఆ కాగితమైనను వ్రాసికొనువారు చదువుకొన్నవారు. బస్తీలలో అంతయు నోటిమాట. రశీదు లేదు, సాక్షి లేడు. గోడమీద సుద్దతో గీసిన గీతలే లెక్క.

కొన్ని యేండ్ల క్రిందట మా యొద్దకు ఒక మందుల దుకాణపు గుమాస్తా వచ్చెను. ఆరేండ్లుగా ఒకే యింటి వాటాలో నున్నాడు. అద్దె 6,500 నుండి 9,000 వరకు పెరిగినను మారు పలుకక చెల్లించినాడు. ఒకనాడు యజమాని వచ్చి వచ్చే నెలనుండి 12,000 ఇమ్మనియు, లేనిచో ఖాళీ చేయుమనియు చెప్పెను. అప్పటికి బడులు తెరచి రెండు నెలలైనది. పిల్లల ఫీజు కట్టియున్నాడు. ముందుగా నిచ్చిన రెండు నెలల బయానాలో సున్నము ఖర్చనియు, కుళాయి మరమ్మతనియు సగము తెగగోసిరి. "వకీలుగారూ, ఒక్క నెలయైనను బాకీపడలేదు, పెద్దగా మాటాడి యెరుగను, నా తప్పేమున్నదో చెప్పండి" అని యడిగెను. వాని చేతి ఫోనులో నెలనెల పంపిన పైకపు పట్టిక తప్ప ఏ యాధారమును లేదు. పదునైదు దినముల నోటీసు సంగతి చెప్పి, దావా వేసినచో కొంతకాలము గడుపవచ్చునుగాని గెలువలేమని చెప్పితిమి. అతడు లేచి నమస్కరించి, ఫీజెంత యని యడిగెను. ఆ సాయంకాలము మాకు అన్నము సహింపలేదు. దసరా నాటికి అతడు నగరపు పొలిమేరకు సంసారము మార్చినాడు. అద్దెలో రెండువేలు మిగిలినవట. రానుపోను దినమునకు మూడు గంటలు బస్సులో పోవుచున్నవట. 2023 డిసెంబరు నుండి ఆడువారికి బస్సు ప్రయాణము ఉచితమైనది గనుక అతని యిల్లాలికి టిక్కెట్టు ఖర్చు తప్పియుండును. కాలమును మాత్రము ఏ కండక్టరును తిరిగి యీయడు.

ఇంటి యజమానులందరు రాక్షసులని మా భావము కాదు. పింఛనుపై బ్రతుకు వృద్ధులు, భర్త పోయిన యిల్లాండ్రు, అప్పుచేసి మేడమీద రెండు గదులు లేపుకొన్న చిన్నవారు, వీరే మన నగరములలో అధికముగా అద్దెల కిచ్చుచున్నారు. వారికిని భయమున్నది. అద్దెదారు మొండికెత్తినచో సివిలు కోర్టులో ఎన్ని యేండ్లు తిరుగవలెనో వారెరుగుదురు. బొంబాయిలో 1947 నాటి చట్టము అద్దెలను దశాబ్దముల తరబడి గడ్డకట్టించి యుంచగా, యజమానులు మరమ్మతులు మాని, భవనములు శిథిలములైనవి. ఆ విధముగా అద్దెను కదలనీయక యుంచుట న్యాయము కాదని సుప్రీముకోర్టే 1997 డిసెంబరులో తీర్పు చెప్పినది. అద్దెను మంత్రించి నిలిపివేయుమని మే మడుగుట లేదు. పెంచునపుడు ముందుగా చెప్పుమని, పొమ్మనునపుడు కారణము చెప్పుమని, బయానా తిరిగి యిమ్మని యడుగుచున్నాము. ఇంతమాత్రమునకు ఎవరి యాస్తియు కరగిపోదు.

ధనము ప్రశ్న ఇట్లుండగా, మానము ప్రశ్న వేరొకటి యున్నది. టులెట్ బోర్డు చూచి తలుపు తట్టినవానిని మొదట అడుగునది ఆదాయమును గూర్చి కాదు. ఊరేది, పేరేది, మాంసము తిందురా, మీరెవరు? అన్ని ప్రశ్నలును కులము దగ్గరకే చేరును. దళితుడు, మహమ్మదీయుడు, ఒంటరి స్త్రీ, ఈ మువ్వురును ఒకే గదికి తక్కినవారికన్న ఎక్కువ యద్దె యిచ్చి, తక్కినవారికన్న తక్కువ గాలిలో నుండవలసి వచ్చుచున్నది. రాజ్యాంగము దుకాణములలో, హోటళ్లలో, బావులయొద్ద భేదము చూపరాదన్నది. అద్దె యింటి గడపను గూర్చి స్పష్టముగా నేమియు చెప్పలేదు. ఒక మతమువారు తమ గృహనిర్మాణ సంఘములో పరులను చేర్చుకొనమని నియమము పెట్టుకొన్నను చెల్లునని 2005 లో సుప్రీముకోర్టు చెప్పినది. ఆ తీర్పును మేము గౌరవింతుము, దానితో సమాధానపడలేకున్నాము.

ఇంతకన్న కఠినమైనది ఇంకొకటి. వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నది గాని, దాచుట పాపము. అద్దె యింటిలో మనిషి పోయినచో శవమును గడప లోపలికి తేనీయని యజమానులు మన తెలుగునాట కొల్లలుగా నున్నారు. నక్షత్రము మంచిదికాదనియు, ఇల్లు ఆరునెలలు పాడుపెట్టవలెననియు, తరువాత ఎవరును అద్దెకు రారనియు వారి భయము. ఆసుపత్రినుండి వచ్చిన శవము వీధిలో షామియానా క్రింద, వానలోనైనను సరే, పడియుండును. లేదా తిన్నగా శ్మశానమునకే పోవును. ఆ యింటిలో ఇరువది యేండ్లు అద్దె చెల్లించిన మనిషికి కడపటి రెండు గంటలకు ఆ గడపపై హక్కు లేదు. చావు ముంచుకొని వచ్చుచున్నదని తెలిసిన ముసలివారు తమ పిల్లలకు ఇబ్బంది కలుగరాదని సొంతయూరికి తీసికొనిపొమ్మని బ్రతిమాలుకొనుట మేము చెవులార వింటిమి. నివాసమనగా నాలుగు గోడలు, కప్పు మాత్రమే కాదనియు, గాలి, వెలుతురు, నీరు, మర్యాదతో కూడిన జీవనమనియు 1995 లో సుప్రీముకోర్టు చెప్పినది. మర్యాదతో కూడిన మరణము కూడ అందులో చేరునని మేము చదువుకొనుచున్నాము. ఇది చట్టము మాన్పదగిన రోగము మాత్రమే కాదు. యజమానులైన మా పాఠకులు ఈ విషయమున తమ యింటి పెద్దలతో ఒక్కమారు కూర్చుండి మాటాడవలెనని వేడుచున్నాము.

2020 మార్చిలో దేశమంతయు తలుపులు మూసికొన్నపుడు వలసకూలీలనుండి ఒక నెల యద్దె అడుగరాదని కేంద్రహోంశాఖ ఆజ్ఞ వెలువరించినది. ఆజ్ఞ వెలువడినదే గాని, కూలి లేని నెలలో అద్దె యెట్లు చెల్లును, మరుసటి నెల యెట్లు చెల్లును అను భయముతో జనము నెత్తిన మూట పెట్టుకొని వందలమైళ్లు నడచిపోయినది. నగరము తమదికాదని వారి కాళ్లే సాక్ష్యమిచ్చినవి. ఆ యేడాది జూలైలో, కూలీలకు చౌకయద్దె గృహసముదాయములు నెలకొల్పు పథకము నొకదానిని కేంద్రము ప్రకటించినది. దారి మంచిది. నగరమునకు కావలసినదానిలో అది పిడికెడు.

మన పాలకులకు అద్దె యనిన గిట్టదు, సొంతయిల్లనిన మోజు. అందరికి ఇల్లను కేంద్ర పథకము 2015 లో ఆరంభమై 2022 గడువుగా పెట్టుకొని, ఆ గడువు దాటి సాగినది; 2024 లో దాని రెండవ యావృత్తి మొదలైనది. తెలంగాణములో 2015 నుండి రెండు పడకగదుల ఇండ్ల పథకము నడచినది. కొల్లూరులో ఒక్కచోటనే 15,660 ఇండ్లు కట్టి 2023 జూనులో ప్రారంభించిరి. చూచితిమి, ఇండ్లు చక్కనివే. ఒక్క పైసా తీసికొనక బీదవానికి అట్టి యిల్లు చేతికిచ్చుట చిన్నవిషయము కాదు. ఎవరు చేసినను మెచ్చవలసినదే. కాని కొల్లూరు నగరమధ్యమునకు ఇంచుమించు ముప్పది కిలోమీటర్లు. మలకుపేటలో నాలుగిండ్లలో పాచిపని చేసికొను స్త్రీకి అచ్చట ఇల్లిచ్చినచో ఇల్లు దక్కినది, కూడు పోయినది. పైగా చీటి తీసి ఒకనికి ఇరువది యేండ్ల ఆస్తి నిచ్చి, వాని వెనుక నిలుచున్న తొమ్మిదిమందికి ఏమియు నీయకపోవుట న్యాయమా? ఊరిలోపల, పనికి దగ్గరగా, చిన్నదైనను శుభ్రమైన గదిని ఆదాయములో నాలుగవ పాలు అద్దెకు ఇచ్చినచో ఆ పదిమందియు నిలువగలరు.

ఇది గాలిలో మేడ కాదు. వియన్నా నగరము మొదటి ప్రపంచయుద్ధానంతరమున అప్పులలో మునిగియుండియు, 1923 లో ఇండ్లపై ప్రత్యేకమైన పన్ను వేసి, పెద్ద మేడలవారినుండి అధికముగా రాబట్టి, 1934 నాటికి అరువది వేలకు పైగా అద్దెయిండ్లు కట్టినది. ఆ యిండ్లలో నేటికిని జనము కాపురముండుచున్నది. సింగపూరు 1960 లో గృహనిర్మాణ సంస్థను స్థాపించి తన ప్రజలలో అధికభాగమునకు ఇండ్లు చూపినది. వారికి మనకన్న నేల యెక్కువ లేదు.

మన రాష్ట్రములలో చేయవలసినది బహ్మవిద్య యేమియు కాదు. కేంద్రము 2021 జూనులో ఒక నమూనా అద్దెచట్టమును ఆమోదించి రాష్ట్రముల కంపినది. నివాసగృహములకు రెండు నెలల యద్దెకు మించి బయానా తీసికొనరాదని, అద్దె పెంచుటకు మూడు నెలల ముందు తెలుపవలెనని, ఒడంబడికలను అద్దె యధికారి యొద్ద నమోదు చేయవలెనని, తగవులను అరువది దినములలో తీర్పవలెనని అందులో నున్నది. అద్దె యెంత యుండవలెనో చెప్పకుండుట దానిలోని లోపము. ఎవరికి ఇల్లు నిరాకరింపరాదో చెప్పకుండుట అంతకు మించిన లోపము. ఆ రెంటిని చేర్చి శాసనసభలు చట్టము చేయవచ్చును. తమిళనాడు 2019 నుండియే ఒడంబడికల నమోదుతో కూడిన కొత్త చట్టమును నడుపుచున్నది. ఇక భూముల వేలములందు వచ్చు ధనములో నాలుగవ పాలు, వేలమునకు పెట్టు నేలలో పదియవ పాలు, నగరము లోపల అద్దె గృహములకే వేరుచేయవలెను. మూడేండ్లకు మించి తాళములో నున్న ఇంటికి రెట్టింపు పన్ను వేయవలెను. రెండవ ఇల్లున్న శాసనసభ్యులకు ఇది రుచింపదని తెలిసియే వ్రాయుచున్నాము.

మూడు వేల అయిదు వందల యంకెను సవరించుటకు మాత్రము కొత్త చట్టముకూడ నక్కరలేదు. ఒక్క పంక్తి సవరణ చాలును. వచ్చు శాసనసభా సమావేశములలో ఈ యొక్క పంక్తిని తెచ్చు సభ్యు డెవరైనను, ఏ కక్షివాడైనను, ఈ పత్రిక వానికి తోడు నిలుచును.

పాఠకులు ఈలోగా చేయదగినది కొంత కలదు. అద్దెను నగదుగా నిచ్చువారు రశీదు అడుగుడు. ఇయ్యననిచో ఫోను ద్వారా పంపుడు. నోటిమాటను కాగితముపై పెట్టుడు. బయానాలో ఏది తగ్గింతురో, ఎప్పుడు తిరిగి యిత్తురో అందులో వ్రాయింపుడు. వీధికొక యద్దెదారుల సంఘముండుట మేలు. దానిలో సద్బుద్ధిగల యజమానులను కూడ చేర్చుకొనుడు. యజమానికిని అద్దెదారుకును సమముగా న్యాయము చేయు తెలుగు ఒడంబడిక నమూనా నొకదానిని మేము సిద్ధపరచుచున్నాము. వచ్చువారపు సంచికలో ప్రకటింతుము. పఠనాలయముల కార్యదర్శులు దానిని కత్తిరించి గోడకు అంటించినచో, పేదవారు వకీలు ఫీజు లేకయే చూచి వ్రాసికొందురు.